పదిహేను నిమిషాలకు రెండు పేజీలు

కౌన్సెలింగ్ సైకాలజీలో ఎమ్మెస్సీ చేరేనాటికి నాకు నలభై నాలుగేళ్లు. అప్పటికి ఇరవై ఏళ్లుగా జనగామలో ఒక దినపత్రికకు విలేకరిని. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో తోటి విలేకరులు నన్ను వదిలిపెట్టలేదు.

"గీ వయసుల చదువేందన్నా? పోరగాండ్లు నవ్వరా?" అన్నాడొకాయన.

"ఉద్యమంల అందరికి ఒకపారే పిచ్చి లేస్తదని అన్నకు ముందే ఎర్కయింది. దుకాణం తెరుస్తడు సూడు" అన్నాడు ఇంకొకాయన. నాతో సహా అందరం నవ్వాం.

ఎందుకు చేరానని ఎవరైనా నిలబెట్టి అడిగితే సరైన జవాబు ఉండేది కాదు. ఇరవై ఏళ్లు జనం గడపల్లో నిలబడి "ఎట్ల జరిగింది?" అని అడిగాను. జవాబు దొరకగానే వచ్చేశాను. నేను వచ్చేశాక ఆ ఇంట్లో వాళ్లు ఏం చేస్తారు? ఏం మాట్లాడుకుంటారు? నాకు చెప్పనిది ఎవరికి చెబుతారు? అది తెలుసుకోవాలని ఉండేది. తరగతులు శని, ఆదివారాల్లో హన్మకొండలో. నా పక్క బెంచీలో కూర్చున్నవాళ్లంతా మా పెద్దబ్బాయి వయసువాళ్లు.

రెండో ఏడాది పుస్తకాలు తక్కువ, పని ఎక్కువ. నిజమైన మనుషులతో కూర్చొని మాట్లాడాలి. ఆ మాటలు వాళ్ల అనుమతితో టేపు చేయాలి. అందులో పదిహేను నిమిషాలు పొల్లు పోకుండా కాగితం మీదికి ఎక్కించి, మనకు కేటాయించిన పర్యవేక్షకురాలికి చూపాలి. నా పర్యవేక్షకురాలు మహబూబాబాద్‌లో కాలేజీ లెక్చరర్. నాకన్నా పదేళ్లు చిన్న. ఆమె నన్ను అన్నా అనేది, నేను ఆమెను మేడమ్ అనేవాణ్ని. స్టేషన్‌కు దగ్గర్లోనే ఇల్లు. నేను గేటు తీయగానే వాళ్లమ్మ లోపలికి కేకేసేది, "అఖ్బార్‌వాలా ఆయా!" అని. ఆ ఇంట్లో నేను చివరిదాకా పేపరాయననే.

ఆ ఏడాదే తెలంగాణ రాష్ట్రం కోసం పెద్ద సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, బొగ్గు బావులు, బస్సులు అన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. డిపోలో ఎర్రబస్సులు వరుసగా నిలబడి దుమ్ము పట్టాయి. గేటు ముందు టెంటు వేశారు, రోజుకు కొందరు చొప్పున నిరాహార దీక్ష. నేను రోజూ పదకొండు గంటలకు అక్కడికి పోయేవాణ్ని. ఎవరు కూర్చున్నారు, ఎవరు దండలు వేశారు, ఎవరు ఏమన్నారు, ఇంతే వార్త. నాలుగైదు రోజులకే నాకు విసుగు పుట్టింది. వార్తలు దిద్దే డెస్క్‌కు అంతకన్నా ఎక్కువ పుట్టింది. "కొంచెం మనిషిని చూపించండి సార్" అని ఫోను.

మరునాడు టెంటులో ఒక మూలకు కూర్చున్న డ్రైవరు కనబడ్డాడు. ఎత్తయిన మనిషి, యాభైకి దగ్గర, చేతులు ఒళ్లో పెట్టుకొని వాటినే చూసుకుంటున్నాడు. పక్కన ఆయన కండక్టరు, నోరు ఆగని మనిషి, డప్పు కంటే ఎక్కువ మోగుతున్నాడు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

"ఎన్నేండ్ల సర్వీసన్నా?"

"ఇరవై రెండు."

"మల్ల ఎప్పుడు ఎక్కుతరు బస్సు?"

ఆయన మాట్లాడలేదు. నేను ఊరుకోలేదు. "రాష్ట్రం వచ్చేదాక స్టీరింగ్ ముట్టనంటరా?"

ఆయన నా ముఖం చూశాడు. "ముట్ట" అన్నాడు.

తెల్లారి జిల్లా పేజీలో ఆయన ఫొటో, పైన 'రాష్ట్రం వచ్చేదాకా స్టీరింగ్ ముట్టను'. మంచి శీర్షిక అని డెస్క్ మెచ్చుకుంది. టెంటులో ఆ ముక్క కత్తిరించి అట్టకు అంటించి వేలాడదీశారు. ఆయన మెడలో దండ పడని రోజు లేదు.

వారం తర్వాత ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "మనసుకు సంబంధించిన చదువేదో చదువుతున్నరంట గదా సారూ. మా కండక్టరు చెప్పిండు. మాట్లాడొచ్చా?"

నాకు సంతోషమే వేసింది. ప్రాక్టికల్‌కు మనిషి దొరకక నెల నుంచి తిరుగుతున్నాను. దొరికిన మనిషి మీద వార్త రాసి ఉన్నానన్న సంగతి అప్పుడు నాకు అడ్డంకిలా తోచలేదు. పైగా పరిచయముంది కదా, పని సులువవుతుంది అనుకున్నాను.

ఒక ప్రైవేటు బడి నడిపే మిత్రుడు గది ఇచ్చాడు. సమ్మెతో బడి మూసే ఉంది. ఇద్దరి కుర్చీలూ ఒకే ఎత్తులో ఉండాలి, ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేసుకోవాలి అని మేడమ్ చెప్పింది. ఆ గదిలో దొరికినవి ఒకే ఎత్తువే, కాకపోతే ఎల్కేజీ పిల్లలవి. ఆరడుగుల డ్రైవరు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. వెనక గోడ మీద అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు.

టేపు రికార్డరు చూసి అడిగాడు, "పేపర్ల రాదు గదా?"

"రాదు. మా మేడమ్ ఒక్కతే వింటది. మీకు ఇష్టమైతేనే."

అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. బాగానే జరిగిందనుకున్నాను. రాత్రికి పదిహేను నిమిషాల భాగం కూర్చొని రాశాను. చక్కగా, అక్షర దోషాలు లేకుండా, రెండు పేజీలు వచ్చింది. బస్సులు లేవు కాబట్టి కాజీపేట దాకా ఒక రైలు, అక్కడ మారి ఇంకో రైలు పట్టుకొని మహబూబాబాద్ పోయాను.

మేడమ్ ఆ రెండు పేజీలు చదివింది. వెనక్కి తిప్పి చూసింది. "మిగతావి?"

"ఇంతే మేడమ్."

"పదిహేను నిమిషాల మాట పది పేజీలకు తక్కువ రాదన్నా. మిగతాదంతా ఎటు పోయింది?"

"అవసరం లేనివి తీసేసిన."

"ఎవరికి అవసరం లేనివి?"

ఇరవై ఏళ్లుగా అదే నా పని. మనిషి గంట మాట్లాడితే పది వాక్యాలు చేయడం. ఆఁ, ఊఁ, నసుగుళ్లు, చెప్పిందే చెప్పడం, మధ్యలో నీళ్లు తాగడం, ఇవన్నీ పొట్టు. చెరిగి గింజలు ఇవ్వడమే నేర్చుకున్నాను. వద్దన్నా చెయ్యి అట్లాగే పోతుంది.

"జర టేపు పెట్టండి" అన్నది.

వాళ్లమ్మ చాయ్ తెచ్చి పెట్టి, టేపు వైపు అనుమానంగా చూసి వెళ్లింది. మేమిద్దరం విన్నాం. ముందు నా గొంతు, తర్వాత నా గొంతు, మధ్యలో డ్రైవరు ఒక ముక్క, మళ్లీ నా గొంతు. నా పక్కన కూర్చొని నన్ను నేను వినడం అదే మొదటిసారి. ఎంత తొందరగా ఉన్నాడు ఈ మనిషి అనిపించింది. ఒకచోట మేడమ్ టేపు ఆపి వెనక్కి తిప్పింది.

డ్రైవరు గొంతు: "సమ్మె అయిపోతే మల్ల..."

ఒక క్షణం ఖాళీ.

నా గొంతు: "రాష్ట్రం రాకుండనే సమ్మె ఆపుతరేమోనని మీకు భయంగ ఉన్నదా?"

డ్రైవరు: "ఆఁ... గదే అనుకోండ్రి."

మేడమ్ నా కాగితం చూసింది. అందులో ఆ చోట ఒకే వాక్యం ఉంది: 'రాష్ట్రం రాకుండానే సమ్మె విరమిస్తారేమోనని నాకు భయంగా ఉంది.'

"ఇది ఎవరన్నారు?" అని అడిగింది.

"నేనే అన్న" అన్నాను.

"ఈ టేపు మొత్తంల రాష్ట్రం గురించి మాట్లాడింది ఎవరు?"

మళ్లీ మొదటి నుంచి విన్నాం. ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అన్నదంతా నేను. ఆయన సమ్మె అయిపోతే అని మొదలుపెట్టి ఏం చెప్పబోయాడు? ఆ క్షణం ఖాళీలో ఏముంది? ఇరవై ఏళ్లలో ఎన్నో సంగతులు తవ్వి తీశానని గర్వం ఉండేది నాకు. నా టేపులోనే ఉన్నది నాకు తెలియకపోవడం వింతగా అనిపించింది. తప్పు చేశానన్న బాధ కంటే ఏమై ఉంటుందన్న ఆరాటమే ఎక్కువైంది.

అప్పుడు చెప్పాను, ఆయన మీద ముందే వార్త రాశానని. శీర్షిక కూడా చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇది మొదలే చెప్పాలె కదన్నా. నేనైతే ఒప్పుకోకపోదును."

"ఇప్పుడు ఆపేయమంటరా?"

ఒకసారి నోరు తెరిచిన మనిషిని మధ్యలో పంపేస్తే మళ్లీ తెరవడు అన్నది. వేరే మనిషిని చూపుదామంటే జనగామలో ఎవరూ లేరు. చివరికి రెండు షరతులు పెట్టింది. ఆయన జోలికి వార్త కోసం పోవద్దు, ఫొటో కూడా వద్దు. రెండోది, వచ్చేసారి ఆయన ఆగితే నేనూ ఆగాలి.

"ఎంతసేపు?"

"ఆయన ఎంతసేపు ఆగితే అంతసేపు."

రెండోది నాకు మొదటిదానికన్నా కష్టం. పత్రికలో ఎదుటివాడు మౌనంగా ఉన్నాడంటే తప్పించుకుంటున్నాడని అర్థం. వెంటనే ఇంకో ప్రశ్న వేయాలి. లేకపోతే పక్క పేపరువాడు వేస్తాడు.

తర్వాతి వారం మళ్లీ అవే చిన్న కుర్చీలు. ముందు ఆయనకు ఒక మాట చెప్పాను. "అన్నా, ఆ పేపర్ల మాట మీరన్నది కాదు. నేను మీ నోట్ల పెట్టిన."

ఆయన నవ్వాడు. "పెట్టిండ్రు. నాక్కూడ అక్కరకొచ్చింది."

అదేమిటని అడగబోయి ఆపుకున్నాను. చేతివేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పది వేళ్లు అయ్యాయి, మళ్లీ మొదలుపెట్టాను. బయట ఎవరో బకెట్ కింద పెట్టారు. ఆయన ఆ ఆవు బొమ్మ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"సమ్మె మొదలైన నాడు నా పానం నిమ్మళమైంది సారూ. అందరు రాష్ట్రం కోసమని బువ్వ మానిండ్రు. నేను ఆ దినం కడుపునిండ తిన్న. శాన దినాలకు తిన్న. బస్సు తోలుడు తప్పింది గదా అని."

ఆగాడు. నేనూ ఆగాను.

రెండేళ్ల కింద ఆయన భూపాలపల్లి బస్సు నడిపేవాడు. చలికాలం, తెల్లవారుజాము, మంచు. పరకాల దాటాక అడవి అంచున ఒక ముసలమ్మ నెత్తి మీద మూటతో రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి ఎత్తింది. ఆయన బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బస్సు ఆమెకు జానెడు దూరంలో ఆగింది.

"తర్వాత?" అన్నాను. ఆ ఒక్కటీ ఆపుకోలేకపోయాను.

"తర్వాత ఏం లేదు సారూ. ముసలామె బస్సెక్కింది. టికెట్ తీసుకున్నది. భూపాలపల్లిల దిగిపోయింది. ఎవ్వలకు ఏం కాలే. గదే మరి! ఏమన్న అయితే చెప్పుకుందు. ఏం కాలేదాయె, ఏమని చెప్పాలె?"

ఆనాటి నుంచి స్టీరింగ్ పడితే ఆయన అరచేతులు చెమటతో జారుతున్నాయి. బదిలీ అడిగి జనగామ వచ్చాడు. ఆ తొవ్వ తప్పింది కానీ చేతులు తనవే కదా. సెలవులు పెట్టాడు, డ్యూటీలు మార్చుకున్నాడు, తెల్లవారుజాము బస్సులు ఎవరికో ఒకరికి అంటగట్టాడు. ఇక సాకులు అయిపోయాయనగా సమ్మె వచ్చింది. తన సంతోషానికి తానే సిగ్గుపడి దీక్షలో కూర్చున్నాడు. నేను వెళ్లి మెడలో శీర్షిక వేశాను.

ఎవరికీ ఏమీ కాకపోతే పత్రికలో అది వార్త కాదు. ఇరవై ఏళ్లలో అట్లాంటివి ఎన్ని విని, నోటుబుక్కు మూసి లేచి వచ్చానో.

ఈసారి పదిహేను నిమిషాలకు పదకొండు పేజీలు వచ్చాయి. మౌనం ఉన్నచోట గీతలు గీశాను. మేడమ్ వేలు పెట్టి అడిగింది, "ఇక్కడ ఆరు గీతలున్నయి. మీరేం చేస్తున్నారు అప్పుడు?"

"వేళ్లు లెక్కపెడుతున్న."

ఆమె పెద్దగా నవ్వింది. "లెక్కపెట్టండి. నేను మొదట్ల గోడ గడియారం చూసేదాన్ని." తర్వాత నవ్వు ఆపి అన్నది, "సమ్మె ఎన్ని రోజులుంటదో తెల్వదు. ఆగేలోపల ఆయన ఒక్క మనిషికన్నా ఈ మాట చెప్పుకోవాలె. మీకు కాదు. పొద్దున లేస్తే కనబడే మనిషికి."

అంత సమయం దొరకలేదు. పండుగ వెళ్లిన కొద్ది రోజులకే బస్సుల సమ్మె వాయిదా అన్నారు. రాష్ట్రం రాలేదు. టెంటులో కొందరు ఏడ్చారు, కొందరు తిట్టుకున్నారు. చాలామంది స్టీరింగ్ ముట్టబోమని మొండికేశారు. అప్పుడు సంఘం పెద్ద ఒక ఉపాయం చెప్పాడట. రాష్ట్రం వచ్చేదాకా స్టీరింగ్ ముట్టనన్న మనిషే మొదటి బస్సు తీయాలె, ఆయన ముడితే ఇంకెవరూ మాట్లాడరు అని.

ఆ సాయంత్రం డ్రైవరు బడి దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"రేపు నన్నే తియ్యమంటున్నరు. ఏం జేయాలె సారూ?"

నా నోటిదాకా నాలుగు సలహాలు వచ్చాయి. జ్వరమని చెప్పమందామా అని కూడా అనిపించింది. సంఘం పెద్ద నాకు తెలిసినవాడే, ఒక్క ఫోను చాలు. కానీ చేస్తే ఆయన మాట మళ్లీ నేను చెప్పినట్టే.

"బస్సు తీయగలుగుతరా?"

"జనంతోని నిండిన బస్సు. తీయ."

"ఎవరికన్న చెప్పగలుగుతరా?"

"చెప్తే నవ్వుతరు."

"ఎవరు నవ్వుతరు?"

చాలాసేపు నిలబడ్డాడు. నా వేళ్లు రెండుసార్లు తిరిగాయి. "ముందుగాల మా కండక్టరు నవ్వుతడు" అని, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

పొద్దున్నే డిపో గేటు దగ్గరికి పోయాను. పోక తప్పదు, అది నా డ్యూటీ. ఫొటోగ్రాఫరుకు బస్సు ఫొటో తీయి, ముఖాలు వద్దు అని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగాడు, చెప్పలేదు. మొదటి బస్సుకు జెండా కట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, బంపరు మీద కొబ్బరికాయ కొట్టారు. లోపల సీట్లు నిండాయి. నెల రోజులకు దగ్గరగా బస్సు చూడని జనం.

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. జై తెలంగాణ నినాదాలు మొదలయ్యాయి. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నినాదాలు ఒక దఫా అయిపోయాయి. రెండో దఫా ఎత్తుకున్నారు. ఇంజను మోగలేదు.

"సెల్ఫ్ కొడ్తలేదా?" అని ఎవరో అరిచారు. "రాష్ట్రం రాలేదని అన్న అలిగిండు" అని ఇంకెవరో. నవ్వులు. నాకు అరవాలనిపించింది, అది కాదని. ఈసారి వేళ్లు లెక్కపెట్టడం చేత కాలేదు.

ఆయన తలుపు తీసుకొని దిగాడు. నేరుగా పోయి కండక్టరు ముందు నిలబడ్డాడు. అరవలేదు కానీ అక్కడున్న అందరికీ వినబడింది.

"నాకు బస్సు తోలుడంటే భయమైతున్నది. సమ్మె కోసం కాదు. రెండేండ్ల సంది. నా చేతులు ఆగుతలేవు. చూడు."

రెండు అరచేతులూ చాపాడు. సంఘం పెద్ద నోరు తెరిచి మూశాడు. కండక్టరు ఆ చేతుల వైపు చూశాడు, మనిషి ముఖం చూశాడు. నోరు ఆగని ఆ మనిషి అంతసేపు ఊరుకోవడం నేను మళ్లీ చూడలేదు.

"థూ నీ! గిందుకేనా నా డ్యూటీలన్ని ఖరాబు చేసినవ్?" అన్నాడు చివరికి. "నాకు పెండ్లామంటే భయం, నీకు బస్సంటే భయం. నేను ఇంటికి పోతలేనా? ఎక్కు. పక్కన కూసో. ఎవడో ఒకడు తోల్తడు."

నవ్వారు. నిజంగానే నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఇంకో పెద్ద వయసు డ్రైవరు ఏమీ అడగకుండా వచ్చి తాళం తీసుకున్నాడు. మా డ్రైవరు ఇంజను పక్క సీట్లో కూర్చున్నాడు. బస్సు నిమ్మకాయలు తొక్కుకుంటూ హన్మకొండ రోడ్డు ఎక్కింది.

డెస్క్ నుంచి ఫోను వచ్చింది. "మన 'ముట్టను' డ్రైవరు ఏడి సార్? ఆయన ఫొటో లేదా?"

"ఆయన బస్సులనే పోయిండు" అన్నాను. అది నిజమే. ఒక కాలమ్ వార్త వచ్చింది, తొలి బస్సు బయలుదేరిందని.

ఆయనకు కొన్నాళ్లు డిపో లోపలి పని ఇచ్చారు. ఆ చలికాలమంతా మేం కలుస్తూనే ఉన్నాం. ముందు ఆగిన బస్సులో కూర్చునేవాడు. తర్వాత ఖాళీ బస్సుతో డిపో ఆవరణలో చుట్లు, కండక్టరు వెనక సీట్లో కూర్చొని ఒక్కడే ప్రయాణికుడిలా బెల్లు కొట్టేవాడట. ఒకరోజు నర్మెట్ట దాకా పోయి వచ్చాడు. రఘునాథపల్లి రోడ్డులో ఒకసారి చేతులు జారి, బస్సు పక్కకు ఆపి, నీళ్లు తాగి మళ్లీ తీశాడు. ప్రయాణికులు ఏమన్నారని అడిగితే, "ఏమంటరు? మూత్రానికి ఆపిండనుకున్నరు" అన్నాడు.

నేను పరీక్ష రాశాను. రాష్ట్రం ఆ తర్వాత ఎన్నాళ్లకో వచ్చింది. పత్రిక మానలేదు, సాయంత్రాలు మాత్రం ఆ బడి గదిలో కూర్చుంటున్నాను. కుర్చీలు మార్చాను. డ్రైవరు ఇప్పుడు రిటైరయ్యాడు. ఇది రాస్తానంటే ఒప్పుకున్నాడు, గుర్తుపట్టే వివరాలు కొన్ని నేనే మార్చాను.

మేం చివరిసారి కూర్చున్ననాటి సంగతి ఒకటి ఉంది. ఆయన తనంతట తానే అడిగి వారం రోజులు పాత డిపోకు పోయి భూపాలపల్లి బస్సు వేసుకున్నాడు. మూడో రోజు అదే మలుపులో అదే ముసలమ్మ, నెత్తి మీద మూట, రోడ్డు మధ్యలో చెయ్యి. ఈసారి దూరం నుంచే చూసి మెల్లగా ఆపాడు. ఆమె ఎక్కాక ఉండబట్టలేక అడిగాడట, "అవ్వా, రెండేండ్ల కింద చలికాలం, నీ ముంగట జానెడు దూరంల బస్సు ఆగింది, యాదికున్నదా?"

నేను కూర్చున్నచోటే ముందుకు వంగాను. "ఏమన్నది?"

ఆయన తొందరపడలేదు. నా చేతుల వైపు చూసి, వేళ్లు లెక్కపెట్టుకుంటున్నానని కనిపెట్టి, ఇంకొంచెంసేపు ఆగాడు.

"'ఏ బస్సు బిడ్డా? దినాం బస్సులు గట్లనే ఆగుతయి, అడ్డం రాకుంటె మీరు ఆపుతరా?' అన్నది. అని మల్ల లొల్లి పెట్టుకున్నది సారూ. పండుగకు బస్సులు బంజేసిండ్రు, బిడ్డ ఇంటికి పోలేకపోయిన, గిప్పుడు అడగవడితివా అని. భూపాలపల్లి దాక తిట్టుకుంటనే వచ్చింది."

"మీరేమన్నరు?"

"నేనేమంట? బస్సు తోలుతున్న గదా" అన్నాడు.